ఉప్పుగాలి ఊళ్ళో నిచ్ సైట్: డబ్బు తెచ్చే అంశాన్ని కీవర్డ్ రీసెర్చ్‌తో ఎలా పట్టుకోవాలి

వైజాగ్‌లో ఉంటూ ఒకే అంశం మీద సొంతంగా చిన్న వెబ్‌సైట్ (నిచ్ సైట్) పెట్టి నెలనెలా కొంత సంపాదించాలనుకునేవాళ్ళకు ముందుగా తట్టే అంశాలు రెండు: అరకు ట్రిప్, ఉద్యోగ నోటిఫికేషన్లు. రెండింటికీ వెతికేవాళ్ళకు కొదవ లేదు. రెండింటిలోనూ కొత్తవాళ్ళకు చోటు దొరకడం చాలా కష్టం. అరకు అని కొట్టగానే బుకింగ్ కంపెనీలు, పర్యాటక శాఖ, దినపత్రికలు, యూట్యూబ్ వీడియోలు వరుసకట్టి కనిపిస్తాయి. నోటిఫికేషన్ల పని ఇంకా దారుణం. ఇవాళ రాసింది గడువు తేదీతో పాటే చచ్చిపోతుంది, రేపు మళ్ళీ కొత్తది రాయాలి, ఆ పరుగులో ముందుండేవి పదుల మంది సిబ్బంది ఉన్న సంస్థలు.

ఈ రెండూ పక్కనపెట్టి, కొనేవాళ్ళున్న, పోటీ పలచగా ఉన్న, మీరు నిజంగా తెలుసుకుని రాయగల అంశాన్ని ఎలా వెతకాలో ఒకే ఉదాహరణతో చెబుతాను. ఆ ఉదాహరణ మన సముద్రపు ఉప్పుగాలి. నా పద్ధతి ఏమిటో ముందే చెప్పేస్తాను. అంశాన్ని ముందు ఊళ్ళో వినాలి, తర్వాత కీవర్డ్స్‌ని, అంటే జనం గూగుల్‌లో కొట్టే మాటల్ని, ఎంతగా వెతుకుతున్నారో చూపించే టూల్‌లో తూచాలి. చాలామంది టూల్ తెరిచి అందులో పెద్ద అంకె ఉన్న మాట పట్టుకుని మొదలుపెడతారు. ఆ అంకె అందరికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి అందరూ అక్కడికే చేరతారు.

మొదటి పని: వినండి, విన్నది విన్నట్టు రాసుకోండి

వారం పది రోజులు ఏ టూల్ జోలికీ వెళ్ళకండి. ఒక నోట్‌బుక్ గానీ ఫోన్‌లో నోట్స్ గానీ పెట్టుకుని, జనం డబ్బు ఖర్చుపెట్టే ముందు ఏం అడుగుతున్నారో రాయండి. డాబాగార్డెన్స్‌లోనో గాజువాకలోనో ఎలక్ట్రికల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఆటోనగర్‌లో గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగ్ షాపు వాళ్ళతో మాట్లాడండి. లాసన్స్‌బే కాలనీ, పెదవాల్తేరు, సాగర్‌నగర్, రుషికొండ వైపు అపార్ట్‌మెంట్లలో చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ళ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో దేని మీద ఎక్కువ చర్చ జరుగుతుందో అడగండి.

సముద్రానికి దగ్గరలో మీకు పదేపదే వినబడేవి ఇలా ఉంటాయి. "ఏసీ గ్యాస్ నింపించి మూడు నెలలు కాలేదండీ, మళ్ళీ చల్లదనం లేదు." "బయటి యూనిట్ కాయిల్ పోయింది సార్, మార్చాల్సిందే." "బాల్కనీ గ్రిల్‌కి పోయినేడే పెయింట్ వేయించాం, అప్పుడే తుప్పు." "స్టీల్ రెయిలింగ్ అన్నారు, దానికీ మచ్చలొచ్చాయేంటి?" "కిటికీలు యూపీవీసీ పెట్టించాలా, అల్యూమినియమా?" (యూపీవీసీ అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్.)

ఈ మాటల వెనకున్న కారణం ఒక్కటే. గాలిలో ఉప్పు తేమతో కలిసి లోహం మీద పేరుకుంటుంది, తుప్పు వేగం పెరుగుతుంది. ఏసీ బయటి యూనిట్‌లోని కాయిల్ రాగి గొట్టం మీద అల్యూమినియం రేకులు ఉన్న రకమైతే, ఉప్పు తేమ తగిలినప్పుడు ముందు తినేసేది అల్యూమినియాన్నే. రెయిలింగ్‌కి మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తీరంలో గోధుమరంగు మచ్చలు పడతాయి; రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకా బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. ఈ తేడా చెప్పి అమ్మే షాపులు తక్కువ, అడిగి కొనేవాళ్ళు ఇంకా తక్కువ. తెలియక డబ్బు పోగొట్టుకునే చోటే మంచి అంశం ఉంటుంది.

ఇంట్లో కూర్చుని వినడానికీ దారులున్నాయి. యూట్యూబ్‌లో ఏసీ రిపేర్ వీడియోల కింద కామెంట్లు చదవండి. అమెజాన్‌లో రెండు మూడు నక్షత్రాల రివ్యూలు చదవండి. అయిదు నక్షత్రాల వాటిలో పొగడ్త తప్ప సమాచారం తక్కువ. గూగుల్ మ్యాప్స్‌లో సర్వీస్ సెంటర్ల రివ్యూల్లో జనం ఏ మాటలతో తమ బాధ చెప్పుకుంటున్నారో చూడండి. మీ నోట్‌బుక్‌లో ఇరవై ముప్పై వాక్యాలు చేరాక ఆపండి. వాటిని సరిదిద్దకండి, పుస్తక భాషలోకి మార్చకండి.

మాటల్ని పెంచడం

ఇప్పుడు ఫోన్‌లో క్రోమ్ తీసి, ఇన్‌కాగ్నిటో విండోలో గూగుల్ తెరవండి. మీ పాత వెతుకులాటల ప్రభావం ఫలితాల మీద పడకుండా ఉండటానికి ఇది. నోట్‌బుక్‌లో మొదటి మాట, అంటే "ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు" లాంటిది, టైపు చేసి ఎంటర్ కొట్టకుండా ఆగండి. కింద గూగుల్ చూపించే సూచనలన్నీ జనం నిజంగా వెతికినవాటి నుంచి వచ్చేవే. తర్వాత అదే మాట చివర ఒక్కో అక్షరం చేర్చి చూడండి. "ఎలా", "ఎంత", "ఏది మంచిది", "ధర", "తేడా" అనే మాటలు తగిలించినప్పుడు ఎక్కువ సరుకు దొరుకుతుంది.

ఎంటర్ కొట్టాక ఫలితాల మధ్యలో జనం అడిగే ఇతర ప్రశ్నల పెట్టె వస్తుంది. ఒక ప్రశ్న నొక్కితే కింద ఇంకొన్ని పుడతాయి. పేజీ చివర సంబంధిత వెతుకులాటలూ ఉంటాయి. అన్నీ ఒక గూగుల్ షీట్‌లోకి ఎత్తండి.

తెలుగువాళ్ళ కోసం చేసే రీసెర్చ్‌లో ఇక్కడ ఒక అదనపు పని ఉంది, దీన్ని దాటేయకండి. ఒకే అవసరాన్ని మనవాళ్ళు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు మాటలు కొట్టి, పూర్తిగా ఇంగ్లిష్‌లో. మైకు నొక్కి మాట్లాడేవాళ్ళు పెరిగాక తెలుగు లిపి వాటా మీరు ఊహించినదానికన్నా ఎక్కువ ఉండొచ్చు. ఊరి పేరుకే వైజాగ్, విశాఖ, విశాఖపట్నం అని మూడు రూపాలు. ఏసీ, అవుట్‌డోర్, కాయిల్ లాంటి మాటలకు రెండు మూడు వర్ణక్రమాలు. ప్రతి ముఖ్యమైన మాటకూ ఈ రూపాలన్నీ షీట్‌లో పక్కపక్కన రాసుకుంటే, ఏ లిపిలో సైట్ పెట్టాలో తర్వాత మీకే తేలిపోతుంది.

కీవర్డ్ ప్లానర్‌లో తూచడం

వ్యాపారులు ప్రకటనలు పెట్టుకునే గూగుల్ యాడ్స్ ఖాతాలో కీవర్డ్ ప్లానర్ అనే టూల్ ఉంటుంది, ఉచితం. ఖాతా తెరిచేటప్పుడు ప్రకటన పెట్టించాలని చూస్తుంది. ప్రకటన నడపకుండా కూడా ప్లానర్ వాడుకోవచ్చు. అయితే డబ్బు ఖర్చుపెట్టని ఖాతాకు కచ్చితమైన సంఖ్య బదులు 10–100, 100–1,000, 1,000–10,000 అన్న విరామాలే చూపిస్తుంది. మన పనికి అంతే చాలు.

లొకేషన్ ముందు భారతదేశం పెట్టి చూడండి, తర్వాత ఆంధ్రప్రదేశ్, చివరిగా విశాఖపట్నం. ఈ వరస ఎందుకంటే, వైజాగ్ ఒక్కచోటే చూస్తే ఉప్పుగాలి మాటలన్నిటికీ అంకెలు చిన్నవిగా వచ్చి మీ ఉత్సాహం నీరుగారిపోతుంది. కానీ ఈ బాధ మన ఒక్కళ్ళదే కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మనకు తీరమే. అవతల చెన్నై, పూరీ, గోవా, ముంబై అంతా ఇదే గాలి. వైజాగ్‌లో చూసి రాసినది కాకినాడలో చదివేవాడికీ పనికొస్తుంది. ఊరి నుంచి పుట్టి ఊరు దాటి పోగల అంశం ఎప్పుడూ మేలు.

ప్లానర్‌లో మూడు గడులు చూడండి. నెలసరి వెతుకులాటల విరామం మొదటిది. రెండోది కాంపిటీషన్. దీన్ని చూసి భయపడేవాళ్ళు ఎక్కువ, అనవసరంగా. అది ప్రకటనదారుల మధ్య పోటీ. వ్యాసాల మధ్య పోటీకి దానితో సంబంధం లేదు. పైగా అక్కడ "హై" అని ఉంటే ఆ మాట మీద డబ్బు పెట్టేవాళ్ళు ఉన్నారని అర్థం, మనకు అది శుభవార్తే. మూడోది టాప్ ఆఫ్ పేజ్ బిడ్, తక్కువ, ఎక్కువ అని రెండు అంకెలు రూపాయల్లో ఉంటాయి. ఆ మాట వెతికినవాళ్ళకు పైన తమ ప్రకటన కనబడటానికి వ్యాపారులు క్లిక్కుకు ఎంత ఇస్తున్నారో అది చెబుతుంది. అంత డబ్బు మీ చేతికి వస్తుందని అనుకోకండి, అది గూగుల్ సెర్చ్ ప్రకటన ధర. కానీ "గ్రిల్ తుప్పు ఎలా వదిలించాలి" పక్కన ఖాళీగా ఉండి, "యూపీవీసీ కిటికీలు చదరపు అడుగు ధర" పక్కన మంచి అంకె కనిపిస్తే, డబ్బు ఏ వైపు ఉందో మీకు సూటిగా తెలిసిపోయినట్టే.

ప్లానర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. మాటలకు బదులు ఏదైనా వెబ్‌సైట్ చిరునామా ఇస్తే, ఆ సైట్‌కి సరిపడే కీవర్డ్స్ జాబితా ఇస్తుంది. కిటికీలు చేసే కంపెనీ సైట్లు, ఏసీ కోటింగ్ చేసే కంపెనీ సైట్లు రెండు మూడు ఇచ్చి చూడండి. వ్యాపారులు వాడే పేర్లు, జనం వాడే పేర్లు ఎంత వేరో అప్పుడు తెలుస్తుంది.

తెలుగు లిపి మాటలకు ప్లానర్‌లోనూ, అహ్రెఫ్స్, సెమ్‌రష్ లాంటి ఇతర కీవర్డ్ టూల్స్‌లోనూ చాలాసార్లు సున్నా గానీ గీత గానీ వస్తుంది. చిన్న భాషల డేటా వాళ్ళ దగ్గర పలచన. గూగుల్ సూచనల్లో ఆ మాట వస్తుంటే వెతికేవాళ్ళు ఉన్నట్టే. టూల్‌లో సున్నా చూసి కొట్టేయకండి. ఒక మాటకు మొదటి పేజీలో చోటు దొరకడం ఎంత కష్టమో ఆ టూల్స్ చూపించే అంకె కూడా అలాంటిదే. అహ్రెఫ్స్ అంకె మొదటి పది ఫలితాలకు ఎన్ని వేరే సైట్లు లింక్ ఇచ్చాయన్న లెక్క మీద నడుస్తుంది, ఆ పేజీల్లో సరుకు ఉందో లేదో అది చదవదు. చదవాల్సింది మీరే.

మొదటి పేజీని చదవండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమని గట్టిగా చెబుతాను. షీట్‌లో బాగున్నాయనిపించిన మాటలు ముప్పై దాకా తీసుకోండి. ఒక్కోటి వెతికి మొదటి పేజీలో ఎవరు కూర్చున్నారో చూడండి. సంతలో ఏ వరసలో ఏ సరుకు అమ్ముడవుతోందో చూడకుండా గంప దింపుకుంటే ఎలా ఉంటుందో, ఇది చూడకుండా రాయడం అలాగే ఉంటుంది.

పైన మ్యాప్, మూడు షాపుల పేర్లు వచ్చాయంటే వెతికినవాడికి మనిషి కావాలి, వ్యాసం అక్కర్లేదని గూగుల్ నిర్ణయించింది. "ఏసీ రిపేర్ వైజాగ్" అలాంటి మాట. కింద జస్ట్‌డయల్, సులేఖ, ఇండియామార్ట్ వరుసగా ఉన్నా అంతే. ఆ మాటల మీద వ్యాసం రాసి ర్యాంక్ కోసం చూడటం వృథా.

మొదటి పేజీ నిండా వీడియోలే ఉంటే జనం చూసి నేర్చుకోవాలనుకుంటున్నారు. గ్రిల్‌కి ప్రైమర్ ఎలా వేయాలన్న దానికి వీడియోనే సరైన సమాధానం. మీకు కెమెరా ఇబ్బంది లేకపోతే సైట్‌తో పాటు ఛానల్ కూడా పెట్టుకోవచ్చు, లేకపోతే ఆ మాట వదిలేయండి.

పైన గూగుల్ తానే రెండు వాక్యాల్లో జవాబిచ్చేస్తే జాగ్రత్త. ఏఐ జవాబులు వచ్చాక ఈ రకం పెరిగింది. "304 అంటే ఏమిటి" అన్న దానికి పైనే జవాబు దొరికితే కిందికి దిగి మీ పేజీ నొక్కేవాళ్ళు తక్కువ. "రుషికొండలో సముద్రానికి ఎదురుగా అయిదేళ్ళున్న 304 రెయిలింగ్ ఇప్పుడెలా ఉంది" అన్నదానికి ఫొటోలతో జవాబు యంత్రం ఇవ్వలేదు, ఎవరో వెళ్ళి తీయాలి. మీరు నిలబడగల చోటు అది.

ఇక మీకు అనుకూలమైన గుర్తులు. కోరా, రెడ్డిట్ లాంటి ప్రశ్నలు, చర్చల సైట్ల పేజీలు మొదటి అయిదులో ఉంటే సరైన వ్యాసం ఎవరూ రాసి ఉండకపోవచ్చు. ఎప్పుడో పాతకాలం తేదీతో ఉన్న పేజీలు, యంత్రం అనువదించిన అర్థంకాని తెలుగు పేజీలు, మీరు అడిగినదానికి పక్కగా పోయే జవాబులు, అమెరికాలోని ఫ్లోరిడా తీరం గురించి రాసిన ఇంగ్లిష్ పేజీలు, ఇవన్నీ ఖాళీ కుర్చీలే. "ఏసీ కాయిల్ సముద్ర తీరం" రకం మాటలు వెతికితే విదేశీ సమాచారం, కంపెనీల ప్రచారం తప్ప మన ఊరి ధర, మన ఊరి అనుభవం దొరకడం అరుదు.

మరో చిన్న పరీక్ష. గూగుల్‌లో ఆల్‌ఇన్‌టైటిల్ అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టి, కోలన్ పెట్టి, మీ కీవర్డ్ రాయండి. శీర్షికలో ఆ మాటలన్నీ ఉన్న పేజీలు మాత్రమే వస్తాయి. ఒక పేజీ ఫలితాలకే అయిపోతే పోటీ నిజంగా పలచగా ఉంది.

ప్రతి మాట పక్కన షీట్‌లో ఒక వాక్యం రాయండి: మొదటి పేజీలో ఎవరున్నారు, వాళ్ళు ఏం చెప్పలేదు. ఈ రెండో భాగమే మీ వ్యాసం.

కొనబోయేవాడెవరు, తెలుసుకోబోయేవాడెవరు

మాటల్ని అవసరాన్ని బట్టి విడదీయండి. "ఏసీ కాయిల్ ఎందుకు పాడవుతుంది" అన్నవాడు కారణం తెలుసుకోవాలనుకుంటున్నాడు. "కాపర్ కాయిల్ మంచిదా అల్యూమినియం మంచిదా" అన్నవాడు కొనడానికి సిద్ధపడుతున్నాడు. "తీరప్రాంతానికి ఏ ఏసీ మంచిది" అన్నవాడు ఈ నెలలోనే కొంటాడు. "కాయిల్ మార్చడానికి ఎంత అవుతుంది" అన్నవాడు మెకానిక్ చెప్పిన రేటు సరైనదో కాదో చూసుకుంటున్నాడు, వాడి జేబులోంచి డబ్బు బయటికి రాబోతోంది. పోలిక, ధర, ఖర్చు, ఏది మంచిది అన్న మాటలకు వెతుకులాటలు తక్కువున్నా విలువ ఎక్కువ. మొదటి రకం పేజీలు మనుషుల్ని తెస్తాయి, నమ్మకం పెంచుతాయి; డబ్బు తర్వాతి రకం నుంచి వస్తుంది. అంశంలో రెండు రకాలూ ఉంటేనే సైట్ నిలుస్తుంది.

ఇక్కడే ఆదాయం లెక్క వేసుకోండి, ఊహతోనైనా సరే. నెలకు పదివేల పేజీలు చూశారనుకుందాం, మన పేజీల్లో ప్రకటనలు చూపించి మనకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో వెయ్యికి 80 రూపాయలు వచ్చిందనుకుందాం. నెలకు 800. తెలుగు పేజీల మీద ప్రకటనల రేటు సాధారణంగా ఇంగ్లిష్ కంటే తక్కువ కాబట్టి పెద్ద అంకె వేసుకోకండి. యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు చేరితేనే డబ్బు బ్యాంకుకు వస్తుంది. ఈ లెక్కన మొదటిసారి చేతికందేసరికి దాదాపు ఏడాది. అదే సైట్‌లో తీరప్రాంతానికి తగ్గ పని చేసే కిటికీల వాళ్ళు, వెల్డింగ్ షాపులు, ఏసీ సర్వీస్ వాళ్ళు అయిదుగురు నెలకు వెయ్యి చొప్పున ఇచ్చి తమ వివరాలు పెట్టించుకుంటే 5,000. చదివేవాళ్ళు అంతమందే, ఆదాయం ఆరు రెట్లు. అందుకే అంశం ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఇది: ఈ మాట వెతికే మనిషి కోసం డబ్బివ్వడానికి నా ఊళ్ళో ఎవరున్నారు? ఆ జాబితా రాయలేకపోతే అంశం మార్చండి.

అఫిలియేట్ దారి కూడా ఉంది, అంటే మీ లింకు నొక్కి ఎవరైనా కొంటే మీకు కమిషన్ వస్తుంది. అమెజాన్ అసోసియేట్స్‌లో కమిషన్ వస్తువు రకాన్ని బట్టి మారుతుంది, పట్టిక వాళ్ళే ప్రచురిస్తారు. అంశం ఖాయం చేసుకోకముందే చూసుకోండి. ఏసీ కవర్లు, తుప్పు నివారణ స్ప్రేలు, ప్రైమర్లు ఆన్‌లైన్‌లో కొనేవే. డబ్బు తీసుకుని పెట్టిన పేరైనా, కమిషన్ వచ్చే లింకైనా, ఆ సంగతి పేజీలో పైనే తెలుగులో స్పష్టంగా రాయాలి. వినియోగదారుల శాఖ మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. అది లేకపోయినా, పాఠకుడి డబ్బుతో ముడిపడ్డ విషయంలో దాచడం తప్పు.

కాలం చూసుకోండి

గూగుల్ ట్రెండ్స్‌లో మీ ముఖ్యమైన మాటలు అయిదు ఒకేసారి పోల్చవచ్చు. ప్రాంతం ఆంధ్రప్రదేశ్, కాలం అయిదేళ్ళు పెట్టండి. అక్కడ కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు వెతుకులాటల సంఖ్య కాదు. ఆ కాలంలో అత్యధికంగా ఉన్న వారాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చినవి. మరీ తక్కువమంది వెతికే మాటలకు గీత రాదు, అప్పుడు "ఏసీ", "యూపీవీసీ" లాంటి ఎక్కువమంది వెతికే మాట పెట్టి ఆకారం చూడండి.

మన ఊరి అంశాల్లో చాలావాటికి ఋతువు ఉంది. లంబసింగి, వంజంగి చలికాలం మాటలు. సింహాచలం చందనోత్సవం అక్షయ తృతీయ ముందు కొద్ది రోజులు ఉవ్వెత్తున లేచి పడిపోతుంది. ఏసీ మాటలు ఎండలు ముదరకముందే లేస్తాయి. కొత్త సైట్ పేజీలకు గూగుల్‌లో చోటు దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి, వేసవి పేజీలు దీపావళి నాటికి సిద్ధంగా ఉండాలి. ఉప్పుగాలి అంశంలో నాకు నచ్చేది ఇదే: ఏసీలు వేసవిలో, గ్రిల్స్ పెయింట్లు వానాకాలం అయ్యాక, తుపానుల సమయంలో కిటికీలు, ఇలా ఏడాదంతా ఏదో ఒకటి నడుస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పగిలిన అద్దాలు చూసినవాళ్ళెవరూ కిటికీ విషయం తేలిగ్గా తీసుకోరు.

మీరు చెప్పగలరా?

షీట్‌లో చివరి గడి ఇది. అంకెలన్నీ బాగున్నా మీరు నిజం తెలుసుకుని రాయలేని అంశమైతే వదలండి. ఆరోగ్యం, మందులు, అప్పులు, పెట్టుబడులు, ఇలాంటివాటిలో గూగుల్ నమ్మకాన్ని కఠినంగా చూస్తుంది, అలా చూడటమే న్యాయం. 2022 డిసెంబర్ నుంచి గూగుల్ నాణ్యతా ప్రమాణాల్లో ప్రత్యక్ష అనుభవం కూడా చేరింది. 2024 మార్చిలో, ర్యాంకుల కోసం గుట్టలుగా పేజీలు పుట్టించే సైట్ల మీద విధానం కఠినం చేసింది. ఏఐతో రెండు వందల వ్యాసాలు ఒక్క వారంలో దింపేద్దామన్న ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి.

అనుభవం సంపాదించడం ఈ అంశంలో కష్టమేమీ కాదు. బీచ్ రోడ్డు నుంచి ఎంవీపీ కాలనీ, అక్కడి నుంచి సీతమ్మధార, పెందుర్తి, ఇలా తీరం నుంచి దూరం పెరిగే కొద్దీ ఒకే వయసున్న గ్రిల్స్ ఎలా ఉన్నాయో యజమాని అనుమతితో ఫొటోలు తీయండి. మూడు షాపుల్లో 304, 316 రెయిలింగ్ అడుగు ధర అడిగి తేదీతో రాయండి. బయటి యూనిట్‌ని ఎన్నాళ్ళకోసారి మంచినీళ్ళతో కడగాలో, కోటింగ్ ఉన్న కాయిల్‌కీ లేనిదానికీ తేడా ఏమిటో పాత మెకానిక్కులను అడగండి. ఈ సమాచారం ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్ళకు దొరకదు.

ఇదే పద్ధతి వేరే అంశాలకూ వర్తిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు, అరకు కాఫీ ఇంట్లో సరిగ్గా కాచుకోవడం, పెంపుడు కుక్కల్ని మన ఉక్కపోతలో చూసుకోవడం. వైజాగ్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, ఒడిశా నుంచి వచ్చే రోగుల బంధువులకు దగ్గర్లో తక్కువ ఖర్చు వసతి, భోజనం, ఓపీకి ఎలా వెళ్ళాలి అన్న అంశం కూడా ఉంది. అందులో ఆదాయం పెద్దగా ఉండదు, కానీ ఎవరో ఒకరు శుభ్రంగా, అప్పుడప్పుడూ సరిచూస్తూ రాస్తే ఎంతమందికి దారి దొరుకుతుందో. కోచింగ్ సెంటర్ల గురించి మాత్రం ద్వారకానగర్ చుట్టూ బోలెడు అవసరం కనిపిస్తున్నా కొత్తవాళ్ళకు నేను సూచించను. మొదటి పేజీ అంతా సంస్థల సొంత ప్రచారంతో నిండిపోయి ఉంటుంది.

చిన్నగా పెట్టి చూడండి

షీట్‌లో అన్ని పరీక్షలూ దాటిన మాటల్ని గుంపులు చేయండి. ఒకే జవాబుతో తీరే మాటలన్నీ ఒకే పేజీకి. "కాయిల్ మార్చే ఖర్చు", "ఏసీ కాయిల్ ధర", "కాయిల్ రేటు ఎంత" అని మూడు పేజీలు రాస్తే అవి ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. ఇలా గుంపులు చేశాక కనీసం ముప్పై పేజీలకు సరిపడా మాటలు మిగిలితే అంశానికి లోతు ఉన్నట్టు. ఎనిమిదో పదో మిగిలితే అది ఒక మంచి వ్యాసానికి సరిపోతుంది, సైట్‌కి చాలదు.

డొమైన్ పేరులో కంపెనీల పేర్లు వాడకండి, ఊరి పేరుతో బంధించుకోకండి. మొదట పన్నెండు పేజీలు రాయండి: నాలుగు పోలికలు, నాలుగు ఖర్చులు, నాలుగు కారణాలు. మీ పేజీలు గూగుల్ ఫలితాల్లో ఎలా కనిపిస్తున్నాయో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌కి సైట్‌ని మొదటి రోజే కలపండి, ఉచితం. తర్వాత మూడు నాలుగు నెలలు రోజూ అంకెలు చూస్తూ కూర్చోవద్దు. ఆ సమయంలో ఇంకో రెండు షాపులకు వెళ్ళి ధరలు తెచ్చుకోండి.

ఆ గడువయ్యాక సెర్చ్ కన్సోల్‌లో క్వెరీలు (జనం వెతికిన మాటలు) తెరిచి, ఇంప్రెషన్లను (మీ పేజీ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్కను) బట్టి పేర్చండి. ఏ టూల్‌లోనూ కనబడని మీ పాఠకుల అసలు మాటలు అక్కడ ఉంటాయి, మూడు రూపాల్లోనూ. సగటు స్థానం 8 నుంచి 20 మధ్యలో ఉన్న మాటలు తీసుకోండి. ఆ మాటకు మీ పేజీలో పూర్తి జవాబు ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చండి. అది వేరే అవసరమైతే కొత్త పేజీ రాయండి. ఇంప్రెషన్లు నెలనెలా పెరుగుతుంటే క్లిక్కులు తక్కువున్నా అంశం సరైనదే, ముప్పై పేజీల దాకా వెళ్ళండి. ఆరు నెలలకు కూడా పన్నెండు పేజీలకూ కలిపి ఇంప్రెషన్లు కదలకపోతే, ఆ షీట్ మూసి నోట్‌బుక్‌లోని తర్వాతి వాక్యంతో మళ్ళీ మొదలుపెట్టండి.